ఎత్తు పెంచిన జీపు

షేక్‌పేట,
శుక్రవారం సాయంత్రం

అక్క మల్లమ్మకు, బావకు తమ్ముడు నర్సింహ దండాలు పెట్టి రాస్తున్నాను. ఇక్కడ ఇంటిల్లిపాదీ తిని తిరుగుతున్నాం. భివండిలో మీరూ అలాగే ఉన్నారనుకుంటాను.

వారం నుంచి ముసురు. షెడ్డు రేకులు కారుతున్నాయి. పొద్దున ఒక ఆటోకు బ్రేకులు వేశాను. మధ్యాహ్నమంతా హైటెక్ సిటీలో పనిచేసే ఒకాయన కారు కింద ఉన్నాను. ఫిల్మ్ నగర్ వైపు ఇళ్ల కోసం గుట్టలు పేలుస్తున్నారు. పేలినప్పుడల్లా గోడకు తగిలించిన పానాలు కింద పడుతున్నాయి.

నువ్వు అడిగిన వాటికి జవాబు. మా చిన్నదానికి జ్వరం తగ్గింది, బడికి పోతోంది. మీ పక్కింటి ఫోను నంబరు మారిందన్నావు గాని కొత్తది రాయలేదు. ఈసారి రాయి. నీ కొడుకు తిరుమలేశ్‌కు తిండి సరిపోతోందా అన్నావు. సరిపోతోంది. జొన్నరొట్టె అయితే ఇంకొకటి అడుగుతాడు. వాడిని డ్రైవరు పనికి పంపవద్దని కూడా రాశావు. ఆ సంగతి కింద రాస్తాను.

మొన్న ఒక సినిమా కంపెనీ వాళ్లు జీపు తెచ్చారు. హీరో ఎక్కే బండి, ఎత్తుగా కనబడాలన్నారు. ఇరుసుకూ బరువు మోసే కమాను పట్టీలకూ మధ్య దిమ్మెలు పెట్టి బెత్తెడు లేపాను. అలా లేపితే ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే షాఫ్టు బాగా ఏటవాలవుతుంది. వేగం మీద దాని జాయింటు కొట్టుకుని కొట్టుకుని తెగుతుంది. ఇంజను ముందు భాగాన్ని కూడా కొంచెం పైకి ఎత్తితే వెనక గేరుబాక్సు మూతి కిందికి వంగి షాఫ్టు వంపు తగ్గుతుంది. ఆ పని మిగిలి ఉండగానే, ఫొటోల కోసం అని చెప్పి బండి తీసుకుపోయారు. ఫొటోలు కాదు, సగం సీను తీశారు. బండి చప్పుడు చేస్తూ తిరిగి వచ్చింది.

నేను ఇంజను ఎత్తాను. బానెట్ మూతపడలేదు. కోసి పైన ఒక డబ్బా అతికిస్తానన్నాను. వాళ్ల మేనేజరు అచ్యుతరామయ్య గారు కోస్తా మనిషి, కసురుకునే రకం కాదు.

"ఇదేంటయ్యా నర్సింహా, బండికి మూపురం మొలిపిస్తానంటావు? సగం సీనులో లేని మూపురం మిగతా సగంలో ఎక్కడ నుంచి వస్తుంది?"

"అయితే బండినే మల్ల కిందికి దించుత సార్. గిట్లనే తోలితే షాఫ్టు తెగుతది. తెగిన కొస నేలల దిగితే బండి పల్టీ కొడ్తది."

"దించితే ఎత్తు మారదూ? కంటిన్యుటీ పోతుందయ్యా."

గేరుబాక్సు దించుదామన్నాను. రాళ్ల మీద తీసే సీను, కింద తగులుతుందన్నారు. అది నిజమే. మొదటి సగం ముసురులో తీశారు కనుక ముసురు ఉండగానే ముగించాలట. ఇంజను మళ్లీ కిందికి దించమన్నారు. దించాను.

అక్కా, ఆ జీపు హీరోకు బదులు నడిపేది తిరుమలేశ్. షెడ్డులో వాడి భుజాలు హీరో భుజాల్లా ఉన్నాయని వాళ్లే పిలిచారు. నీకు రాయలేదు. వేరే డ్రైవరును పెట్టుకోండని చేతులు పట్టుకుని అడిగాను.

"వీడి వీపు సగం సీనులో పడిపోయిందయ్యా. ఇప్పుడు ఇంకొకడి వీపు పెడితే జనం నవ్వరూ?" అన్నారాయన. అక్కడున్న వాళ్లు నవ్వారు. తిరుమలేశ్ కూడా నవ్వాడు.

ఇంటికొచ్చాక వాడికి చెప్పాను.

"పోకురా. మీ అమ్మకు నేనేం చెప్పాలె?"

"ఏంది మామా, గా జీపుకు లేని రోగం నీ మొహం మీద కనబడుతుంది. జర మెల్లగ తోల్త, ఫికర్ చెయ్యకు."

"మెల్లగ తోలితే ఆళ్లు ఊకుంటరా?"

"ఊకోరు. నడుమల ఇడిసిపెడితే ఫిల్మ్ నగర్‌ల నన్ను మల్ల ఎవడు పిలుస్తడు మామా?" అన్నాడు.

షెడ్డుకు తిరిగిపోయి జీపుకు కొత్త జాయింటు వేశాను. తెగినా నేల మీద పడకుండా షాఫ్టు చుట్టూ వదులుగా ఒక ఇనుప పట్టీ తిప్పి బండి చట్రానికి బిగించాను. రాళ్ల మీద అది ఎంతసేపు ఆగుతుందో నాకు తెలియదు. నేనూ వస్తానంటే వ్యానులో చోటు లేదన్నారు.

ఈ ఉత్తరం నీ చేతికి వచ్చేసరికి షూటింగు అయిపోయి ఉంటుంది. బావకు చెప్పాలో వద్దో నువ్వే చూసుకో.

ఈ తెల్లవారుజామున ఐదింటికి తిరుమలేశ్ ఆ జీపు నడుపుకుంటూ వికారాబాదు గుట్టలకు వెళ్లాడు, ఇంకా రాలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు
నర్సింహ