బదరీలో ఉడకని అన్నం

మీ పటానికి దండం పెట్టి ఇది రాస్తున్నాను.

మీ సంవత్సరీకం కోసం మీ తమ్ముడితో బదరీ వెళ్లి నిన్ననే తిరిగి వచ్చాను. కొండమీద మీ పిండాలకు అన్నం నేనే వండాను. ఎసరు తొందరగానే మరిగింది కానీ, ఎంతసేపైనా మెతుకు పలుకు విడవలేదు.

“వదినె, అన్న అలిగిండు. మన పిండం ఒద్దంటుండు,” అని మీ తమ్ముడు ఏడ్చాడు.

అప్పుడు, బడికి వెళ్లేముందు మీరు వంటింటి గడపలో కూర్చుని పిల్లలకు చెప్పాల్సిన పాఠాలు నాకు అప్పజెప్పడం గుర్తొచ్చింది.

“అలగలేదయ్యా. గింత ఎత్తుల గాలి ఒత్తిడి తక్కువుంటది. నీళ్లు సరిగ కాగకముందే మరుగుతయి. బియ్యానికి ఆ వేడి సాలదు,” అన్నాను.

“నీకెట్ల తెలుసు?”

“మీ అన్ననే చెప్పిండ్రు.”

ఇంకొన్ని నీళ్లు పోసి, మూతమీద రాయి పెట్టి, చాలాసేపు ఉంచాను. అన్నం మెత్తబడింది. మీ తమ్ముడు కళ్లు తుడుచుకుని పిండాలు పెట్టాడు.

మీ పాఠం నాకు అక్కరకొచ్చిందని మీతో చెప్పాలని దారంతా అనుకుంటూ వచ్చాను. రాయదుర్గంలో మన ఇంటి తాళం తీసి, మూట దించి, “ఇగో, వింటున్నరా?” అని పిలిచాను.