పదమూడు మంది సభ్యుల పేర్లు కొట్టివేయుట గురించి

సంఘాల నమోదు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మంత్రిగారి పర్యటన నాడు సాయంకాల పఠన సంఘం సభ్యులు పద్నాలుగు మందీ హాజరైనట్లు తమ నివేదికలో నమోదైన తప్పును సరిదిద్దుట, అందులో నా వంతు తప్పును ఒప్పుకొనుట గురించి.

పై సంఘానికి కార్యదర్శినైన నేను, త్రాసులు బాగుచేసి ముప్పై ఏళ్ళు బతికినవాణ్ణి, ఈ దిగువ సంగతులను తమ దృష్టికి తెచ్చుచున్నాను.

1. బడి వెనకనున్న పాత ప్రయోగశాల గదిని పదకొండేళ్ళ క్రితం తమ కార్యాలయమే మా సంఘానికి ఇప్పించినది. బుధవారం సాయంత్రం నాలుగింటికి ఒకరు కథ చదవడం, తక్కినవారు వినడం మా కార్యక్రమం. మొదట పద్నాలుగు మందిమి. తదుపరి తొమ్మండుగురు కాలం చేసినారు. అందులో నా భార్య ఒకతె. ఇంకో ముగ్గురు తమ తమ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయినారు. ఒకాయన మంచాన ఉన్నారు, మనిషిని గుర్తుపట్టరు. ఏడాదిన్నరగా సంఘమంటే నేనొక్కడినే. ఈ విషయం తమకు రాతమూలకంగా తెలుపకపోవుట నా మొదటి తప్పు. ఏడుగురికి తక్కువైతే గది వెనక్కి ఇచ్చేయాలని నిబంధన ఉన్నదని నాకు తెలియును. అందుకే తెలుపలేదు.

తాము అడుగవచ్చును, ఒక్కడివే ఏం చేస్తున్నావని. కుర్చీలు వేసి, నాలుగింటి నుంచి ఐదింటి దాకా పైకి చదువుతాను. ఇంట్లో చదివితే పిచ్చివాడంటారు. అక్కడ చదివితే సంఘం.

2. గత నెల తమ కార్యాలయ గుమస్తాగారు వచ్చి, మంత్రిగారు మూడు బడులను, రెండు సంఘాలను చూడనున్నారని, అందులో మాదొకటని, సభ్యులంతా సిద్ధంగా ఉండవలెనని తెలిపినారు. నేను ఉన్నమాట చెప్పితిని. ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"అయ్యో పెద్దాయనా, జాబితా పైకి వెళ్ళిపోయిందండీ. ఇప్పుడు ఒక్కరే అంటే నా ఉద్యోగం ఉంటుందా?"

"లేనివాళ్ళని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు బాబూ?"

"మీరు తేనక్కర్లేదు. నేను తెస్తాను. మీరు నోరు మెదపకుండా ఉండండి చాలు."

నేను కాదని ఉండవలసినది. కాదనలేదు. ఆ గదిలో మళ్ళీ పద్నాలుగు మంది కూచుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఇది అర్జీలో రాయదగిన మాట కాదు. క్షమించవలెను.

3. పర్యటన నాటి ఉదయం మంత్రిగారు బడిలోనికి వేంచేసినారు. నాలుగు రోజుల పాటు సాధన చేసిన స్వాగతగీతం పిల్లలు పాడినారు. నాలుగు రోజులూ కిటికీలోంచి వినీ వినీ నాకు కూడా నోటికి వచ్చేసింది. ఒక చిన్న పిల్ల లేచి, పంతులమ్మ నేర్పిన ప్రశ్న మరిచిపోయి, "మీరు మళ్ళీ ఎప్పుడొస్తారండీ?" అని అడిగినది. అందరూ నవ్వినారు. మంత్రిగారు కూడా నవ్వి పక్కనున్న తమ ఆంతరంగిక కార్యదర్శి వైపు చూసినారు. ఆయన గడియారం చూసుకున్నారు.

4. ఆపై మా గదికి వచ్చినారు. అంతకు ఒక గంట ముందే గుమస్తాగారు తెప్పించిన బస్సులోంచి పదమూడు మంది దిగినారు. ఒక్కొక్కరి ఛాతీకి ఒక్కొక్క పేరు అంటించినారు. ఆ పేర్లు మా సభ్యులవి. మా నర్సమ్మ పేరు ఒకావిడకి, మా రిటైరైన బస్సు కండక్టరు గారి పేరు బట్టతల ఆయనకి, గొణుగుడు మాస్టారి పేరు నాకంటే పాతికేళ్ళు చిన్నవాడికి. నా పక్క కుర్చీలో కూచున్నావిడ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే మనిషి. ఆమె ఛాతీ మీద నా భార్య పేరు ఉన్నది.

"ఈవిడెవరండీ, మీకు తెలుసా?" అని ఆ అట్టముక్క చూపించి అడిగినది.

"మా ఆవిడమ్మా."

ఆమె గబుక్కున దాని మీద అరచెయ్యి కప్పినది. "ముందే చెప్తే ఇంకోటి పెట్టుకునేదాన్ని కదండీ."

"ఫర్వాలేదు. కూచో తల్లీ."

మంత్రిగారు పెద్ద వయసు మనిషి. మోకాళ్ళ నొప్పులు కాబోలు, మెల్లిగా మా ఎదురుగా కూచున్నారు. "మీరెన్నేళ్ళ నుంచి వస్తున్నారమ్మా?" అని నేరుగా ఆమెనే అడిగినారు. గుమస్తాగారి ముఖం పాలిపోయింది. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసి, "ఈయన వచ్చినప్పట్నుంచీనండి," అన్నది.

"ఎలాంటి కథలిష్టం?"

"నవ్వొచ్చేవండి."

నా భార్యకు ఏడుపు కథలే ఇష్టం. కథలో ఎవరైనా పోతే తప్ప ఆమెకు సాయంత్రం గడిచినట్టు ఉండేది కాదు. అయినను నేను తలూపినాను.

తదుపరి మంత్రిగారు నన్ను అడిగినారు, "మొత్తం ఎంతమంది మీరు?" అని. అప్పుడు నన్నెవరూ బలవంతపెట్టలేదు. గుమస్తాగారు అందించలేదు. నా అంతట నేనే, "పద్నాలుగు మందిమండి," అన్నాను.

"అదృష్టవంతులు," అన్నారు ఆయన. "నా చుట్టూ ఎప్పుడూ వందమంది ఉంటారు. కూచుని కథ వినిపించేవాడు ఒక్కడు లేడు." ఇంకొంచెంసేపు ఉండేవారేమో. లేపి తీసుకుపోయినారు.

పది నిమిషాల్లో బస్సు కూడా వెళ్ళిపోయింది. కుర్చీలు నేనే మడిచి గోడకు చేర్చినాను.

5. ఇంతటితో ముగిసి ఉంటే ఈ అర్జీ ఉండేది కాదు. మూడు వారాల తరువాత పద్నాలుగు ప్రశంసాపత్రాలు నా చిరునామాకు వచ్చినవి. మంత్రిగారి సంతకంతో, పేరుపేరునా. కార్యదర్శిగా వాటిని పంచుట నా విధి. నర్సమ్మ గారి కొడుకు చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టి తలుపు వేసుకున్నాడు. అతణ్ణి అనడానికేమీ లేదు.

కండక్టరు గారి కూతురు తలుపు వేసుకోలేదు. నన్ను లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, కాగితం రెండుసార్లు చదివినది.

"మా నాన్న వచ్చాడా బాబాయ్ ఆ రోజు?" అని నవ్వబోయినది. నవ్వు రాలేదు. "ఎక్కడ కూచున్నాడు?"

"కిటికీ దగ్గరమ్మా."

"మా నాన్న ఎప్పుడూ తలుపు దగ్గరే కదా కూచునేది. ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ కనబడాలిగా ఆయనకి."

"అవునమ్మా. తలుపు దగ్గరే."

"మరి చెప్పలేదేం వాళ్ళకి?"

అయ్యా, త్రాసు ముల్లు ఒక గింజంత పక్కకు ఉంటే రాత్రంతా కుదురుగా నిద్రపట్టని మనిషిని నేను. పదమూడు మందిని అటూ ఇటూ చేసి ఊరుకున్నాను. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ గుమ్మందాకా వచ్చి, "అప్పుడప్పుడు రండి బాబాయ్," అన్నది. వెళ్ళలేదు. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళను?

6. ఇదంతా గుమస్తాగారితో చెప్పితే, "ఎందుకండీ కెలుక్కుంటారు? నివేదిక బ్రహ్మాండంగా వచ్చింది. గది ఇంకో పదేళ్ళు మీదే," అన్నారు. ఆయన మంచివారే. ఆయనపై చర్య తీసుకొనవలదని నా మనవి. తెచ్చింది ఆయనైనా, లెక్క చెప్పింది నేను.

కావున తాము దయతో పై నివేదికను సరిదిద్ది, పదమూడు పేర్లనూ సభ్యుల పట్టీ నుండి కొట్టివేయించవలెను. నా భార్య పేరు మీద గీత కొంచెం సన్నగా గీయించవలెనని ప్రార్థన. అలాంటి నిబంధన ఏదీ లేదని నాకు తెలియును. నిబంధన ప్రకారం గది తాళంచెవిని ఇందువెంట జతచేయుచున్నాను. కుర్చీలు పద్నాలుగూ ఉన్నవి, ఒకదాని కాలు కుంటుతుంది. ఈ నా మాటలను దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
సాయంకాల పఠన సంఘం కార్యదర్శి మరియు సభ్యుడు

తా.క.: ఆ తాళం తియ్యడం అందరికీ రాదండీ. తాళంచెవి పెట్టి, తలుపు కొంచెం పైకెత్తి, ఎడమకు తిప్పాలి. మీ వాళ్ళు విరగ్గొడతారేమో. తీసే రోజు నాకు కబురు పెడితే వచ్చి చూపిస్తాను. బుధవారమే కానక్కర్లేదు. ఏ రోజైనా సరే, ఏ వేళైనా సరే, నేను ఇంట్లోనే ఉంటాను.