అత్తయ్య గది తాళం

మీకు నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం క్షేమం అని రాసి, 'మేమిద్దరం' కొట్టేశాను. పదమూడేళ్లుగా ఉత్తరం అలాగే మొదలుపెట్టిన చెయ్యి, దానికి కబురు ఇంకా అందినట్టు లేదు. నేను క్షేమంగానే ఉన్నాను. మీరూ, ఓడలో మీతో ఉన్నవాళ్లూ క్షేమమని తలుస్తాను.

మీ ఉత్తరం పోయిన మంగళవారం వచ్చింది. రేవు ఆఫీసు ముద్ర చూస్తే నెల కిందటిది. మీరు అడిగినవాటికి వరసగా జవాబు రాస్తాను. లేకపోతే అడిగిందొకటీ చెప్పిందొకటీ అని విసుక్కుంటారు.

మొదటిది, వేళకి తింటున్నానా అని. తింటున్నాను. ఒక్కదానికి వండుకోవడం చేతకాక ఇద్దరికి సరిపడా వండి, రెండు పూటలా అదే తింటున్నాను. డబ్బా మూతలతోనే చిక్కు. ఇదివరకు డబ్బా నేను పొట్టకి అదిమి పట్టుకుంటే మూత అత్తయ్య తిప్పేది. తిప్పుతూ, "రెండు చేతులున్నప్పుడు మాత్రం ఏం తీశావులే" అనేది. ఇప్పుడు మోకాళ్ల మధ్య ఇరికించుకుని తీస్తున్నాను. కాస్త ఆలస్యమైనా వస్తోంది.

రెండోది, వంటింటి పైపు. కింది వాటాలో ఉండే టైలరు వచ్చి బాగుచేశాడు. మంచివాడు. ఆయన సంగతి మళ్లీ రాయాల్సి వస్తుంది.

మూడోది, శనివారం తాళాల గదికి వెళ్తున్నానా అని. "అది మాత్రం మానకు, నీ మొహాన నవ్వు మళ్లీ కనపడింది అక్కడికి వెళ్లడం మొదలెట్టాకే" అని రాశారు. వెళ్లడం లేదండీ. ఎందుకో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి. మీకు సగమే తెలుసు. నేను సగమే రాశాను కాబట్టి.

కార్ఖానాలో అట్టలు కోసే మిషను నా ఎడమ చెయ్యి మణికట్టు దాకా తీసుకుపోయాక, రెండేళ్లు నేను గోడకేసి తిరిగి ఎలా పడుకున్నానో సెలవుకి వచ్చినప్పుడు మీరు చూశారు. గ్రంథాలయం వెనక గదిలో చూపులేని మాస్టారు ఒకాయన మాలాంటివాళ్లకి సరదాగా తాళాలు తీయడం నేర్పుతున్నారని ఆసుపత్రి నర్సు చెప్పింది. అత్తయ్య నెత్తి కొట్టుకుంది. "చెయ్యి పోయి ఏడుస్తున్నదానికి దొంగతనం నేర్పుతారట! పట్టుకుంటే బేడీలు వేయడానికైనా రెండు చేతులుండాలి కదే!" అంది. అంటూనే చెప్పులు వేసుకుని నా వెంట బయల్దేరింది, ఆ మాస్టారు ఎలాంటివాడో చూస్తానని.

ఆరుగురం ఉండేవాళ్లం. చక్రాల కుర్చీలో డ్రైవరన్నయ్య, చేతులు వణికే ఒకమ్మాయి, ఇంకొందరు. మొదటి రోజే మాస్టారు, "మన సొంత తాళమే తీయాలి. ఇంకొకరి తలుపు జోలికి వెళ్లారా, ఈ గది తలుపు మీకు మూసినట్టే" అన్నారు. అత్తయ్యకి ఆ మాట నచ్చింది. అప్పటినుంచీ ఆయన్ని పెద్దమనిషి అనేది.

ఆ పని రెండు చేతులది. ఒక చేత్తో, వంచిన సన్నటి రేకుని తాళంలో పెట్టి, తిప్పీ తిప్పనట్టు నొక్కి పట్టుకోవాలి. రెండో చేత్తో, ఇనుప పుల్ల పెట్టి లోపలి పిన్నులని ఒక్కొక్కటే పైకి లేపాలి. నాకోసం మాస్టారు ఆ రేకుకి చిన్న ఇసుక సంచి వేలాడదీసేవారు. ఇంట్లో చిన్న తాళాలతో సాధన చేసేటప్పుడు మాత్రం ఇసుక సంచి లేదు, అత్తయ్యే. రేకు పట్టుకుని కూర్చుని ఊళ్లో సంగతులన్నీ చెప్పేది. మీరు ఎన్నేళ్లు వచ్చేదాకా పక్క తడిపారో కూడా నాకు ఆ రేకు దగ్గరే తెలిసింది. ఆఖరి పిన్ను మిగిలిందని నేను అనగానే మాత్రం ఒక్క మాట అనేసి గమ్మున ఊరుకునేది. ఆ పిన్ను లేచేది కంటికి కనపడదు, చెవికే తెలుస్తుంది. జన్మలో అత్తయ్య నోరు కట్టేసుకునేది ఆ రెండు నిమిషాలే అని మీకు రాశాను కూడా, చదివి నవ్వుకున్నానన్నారు.

మీకు రాయనిది ఇది. ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. చెయ్యి తిరిగినవాళ్లకి మాస్టారు ఒక పెద్ద తాళం ఇస్తారు. దాని తాళంచెవులు మాత్రం కవరులో పెట్టి తన సొరుగులో వేసుకుంటారు. "తాళంచెవి ఇంట్లో ఉంటే చెయ్యి బద్ధకిస్తుంది" అంటారు. తాళం తీశాకే చెవులు ఇస్తారు. నాకు ఆరు పిన్నుల తాళం ఇచ్చారు. ఒంటిచేత్తో దాన్ని తీసినవాళ్లు లేరని డ్రైవరన్నయ్య అన్నాడు. నాకు పట్టుదల వచ్చింది. వడ్రంగిని పిలిచి దాన్ని అత్తయ్య గది తలుపుకి బిగించాను. లోపల గుండీ నొక్కితే పడుతుంది, తిప్పితే వస్తుంది. బయటి నుంచి తాళంచెవి కావాలి. "బాగుందే, నేను లోపల, నువ్వు బయట. చూద్దాం ఎవరు గెలుస్తారో" అంది. తలుపు తెరిచి పెట్టుకుని, ఆవిడ రేకు పట్టుకోగా, నెల రోజులు కుస్తీ పట్టాం. నాలుగో పిన్ను దాటలేదు.

అత్తయ్య నిద్రలోనే పోయిందని మీకు రాశాను. అది అబద్ధం. నా ఉత్తరానికి జవాబుగా మీరు, "నువ్వు పక్కన ఉన్నావు కనక అమ్మ దిక్కులేకుండా పోలేదు, నీకు చేతులెత్తి మొక్కాలి" అని రాశారు. ఆ వాక్యం చదివాక నేను ఊరుకోలేకపోయాను. మీరు నాకు మొక్కకూడదు.

ఆ రోజు గురువారం, పొద్దున పదకొండు కావస్తోంది. అత్తయ్య స్నానం చేసి గదిలోకి వెళ్లి, బట్టలు మార్చుకోడానికి తలుపు వేసుకుని అలవాటుగా గుండీ నొక్కింది. నేను ఉతికిన బట్టలు మడతపెడుతున్నాను. లోపల దబ్బుమని చప్పుడైంది. పరిగెత్తాను.

"పడ్డానే. కాలు కదలట్లేదు" అంది.

"గుండీ తిప్పగలరా అత్తయ్యా?"

"పాకడానికే రావట్లేదే, అంత పైకి ఎలా అందుకోను?"

కింది టైలరుని పిలుస్తానన్నాను. "పిలిచావంటే ఊరుకోను. ఒంటిమీద బట్ట సరిగా లేదు. ఇన్నాళ్లూ కొలతలివ్వకుండా పాత జాకెట్టు చూపించి కుట్టించుకున్నాను, ఇప్పుడిలా ఇవ్వమంటావా? నువ్వే తీయి. వచ్చు కదా నీకు" అంది.

తాళంచెవి మాస్టారి సొరుగులో ఉంది. గురువారం గ్రంథాలయానికి సెలవు. నేను రేకూ పుల్లా తెచ్చుకుని తలుపు ముందు కూర్చున్నాను. రేకు పట్టుకోవాల్సిన మనిషి తలుపుకి అవతల ఉంది. ఏం చేయాలో తోచక ఇంటి తాళంచెవుల గుత్తి తెచ్చి, తీగతో ఆ రేకుకి వేలాడదీశాను. బీరువాది, వీధి తలుపుది, ట్రంకు పెట్టెలవి, అన్నీ ఉన్నాయి గుత్తిలో, ఆ ఒక్కటీ తప్ప.

ఆవిడ పిలవొద్దంది కాబట్టి పిలవలేదని మీతో చెప్పి తప్పించుకోవచ్చు. అది నిజమే. కానీ మొదటి పది నిమిషాల వరకే నిజం. కింద టైలరు మిషను చప్పుడు నాకు వినపడుతూనే ఉంది. ఒక్క కేక వేస్తే చాలు. ఇంతలో రెండో పిన్ను లేచింది, మూడోది లేచింది. గుత్తి బరువు సరిగ్గా కుదిరింది. ఇక నాకు లేవాలనిపించలేదు. తీయగలననిపించింది. తీయాలనిపించింది.

అత్తయ్య లోపల మాట్లాడుతూనే ఉంది, మధ్య మధ్య మూలుగుతూ. మీరు నాలుగేళ్లప్పుడు ట్రంకు పెట్టెలో దాక్కుంటే మూత పడి గొళ్లెం బిగుసుకుపోయిన సంగతి చెప్పింది. "చేతికి సుత్తి దొరికింది, ఒకటే బాదుడు. మా నాన్న ఇచ్చిన పెట్టె. పోతే పోయింది, పిల్లాడు దక్కాడు" అంది. నేను ఊఁ కొడుతూ నాలుగో పిన్ను వెతుకుతున్నాను. ఆ కథ అప్పుడెందుకు చెప్పిందో నాకు తట్టలేదు. నొప్పి మరిచిపోవడానికి ఏదో చెబుతోందనుకున్నాను. తలుపు పగలగొట్టించమని నోరు తెరిచి అడగలేకనేమో అని ఇప్పుడనిపిస్తోంది. తెలుసుకునే దారి లేదు.

నాలుగోది లేచింది. అయిదోది లేచింది. కింద మిషను ఆగిపోయింది, టైలరు భోజనానికి లేచినట్టున్నాడు. "అత్తయ్యా, ఇక ఆఖరిది" అన్నాను. ఆవిడ ఊరుకుంది.

ఎప్పుడూ ఊరుకుంటుందండీ. నా చెవికి అడ్డం రాకూడదని ఊపిరి కూడా బిగబట్టినట్టు కూర్చునేది. అందుకని లోపల చప్పుడు లేకపోతే నేను భయపడలేదు. నాకోసమే ఊరుకుందనుకున్నాను. ఆ నిశ్శబ్దంలో చెవి తలుపుకి ఆనించి చాలాసేపు ఆ పిన్ను కోసం విన్నాను. అయిదు నిమిషాలో, పదో, అంతకన్నా ఎక్కువో. ఇంకేదీ వినలేదు.

తాళం తిరిగింది. ఇది రాయడానికే నాలుగు కాగితాలు చింపేశాను. తాళం తిరగ్గానే నాకు సంతోషం వేసింది. ఒంటిచేత్తో, ఎవరూ పట్టుకోకుండా, నేను తీశాను. "అత్తయ్యా, వచ్చేసింది!" అని అరిచి, నవ్వుతూ తలుపు తోశాను. ఆ నవ్వు మొహంతోనే ఆవిడని చూశాను.

దుప్పటి కప్పి అప్పుడు కేక వేశాను. టైలరు అన్నం చేత్తోనే పరిగెత్తుకొచ్చాడు. ఆవిడని ఎత్తుకుని మెట్లు దిగాడు. తొడ ఎముక విరిగిందనీ, ఆ బాధకి గుండె ఆగిందనీ డాక్టరు అన్నాడు. ముందే తెస్తే బతికేదా అని అడిగాను. "చెప్పలేం" అన్నాడు. చంపేదీ బతికించేదీ ఆ ఒక్క మాటే నన్ను. టైలరు మాత్రం ఆసుపత్రి వరండాలో, "రెండు తన్నులకి వచ్చేసే తలుపు కదమ్మా" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మూడో రోజు మాస్టారు కర్ర తడుముకుంటూ వచ్చారు. తాళంచెవి బల్లమీద పెట్టి, తప్పు తనదేననీ, సొరుగులో ఉన్న కవర్లన్నీ ఎవరివి వాళ్లకి ఇచ్చేశాననీ చెప్పారు. ఆయనకి చూపు లేదు కదా, నేను తల అడ్డంగా ఊపింది ఆయనకి తెలియలేదు. నోటితో చెప్పాలని కూడా నాకు తోచలేదు. పాపం, తప్పు తనదేననుకుంటూ వెళ్లిపోయారు.

తాళం ఇంకా ఆ తలుపుకే ఉంది. మీరు వచ్చి చూసేదాకా ఊడదీయించను. తాళంచెవి ఈ కవరులో పెట్టాను. ఇది చదివాక మీరు ఏం రాసినా, ఏమీ రాయకపోయినా, నేను ఇక్కడే ఉంటాను.

మీ ఉత్తరంలో ఆఖరి ప్రశ్న ఒకటి మిగిలింది. అమ్మ చివరిగా ఏమంది, నన్ను తలుచుకుందా అని అడిగారు. తలుచుకుంది, ట్రంకు పెట్టె కథ చెబుతూ. చివరి మాట అది కాదు. ఆఖరి పిన్ను అనగానే ఎప్పుడూ అనే మాటే ఆ రోజూ అంది.

"సరే, ఇక నేను మాట్లాడను. నువ్వు విను."

ఇట్లు,
మీ అమ్మ కోడలు