దువ్వెన గుర్తుకు ఒక్క ఓటు

చిట్టితల్లికి అమ్మ దీవెనలు.

ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. ఆ మాట ముందు రాయకపోతే మిగతాది చదవకుండానే ఏడుపు మొదలుపెడతావని రాస్తున్నాను. నీ దగ్గు తగ్గిందా? మిల్లులో మూతికి గుడ్డ కట్టుకోవడానికి నామోషీ పడకు.

ఆసుపత్రి సంగతి అడిగావు. నువ్వు విన్నది నిజమే. నెలాఖరుకు మా పురుడాసుపత్రికి తాళం పడుతుంది. గంట పార్టీ మూసేస్తామని చెప్పి మరీ గెలిచింది, మాట నిలబెట్టుకుంటోంది. గొడుగు పార్టీ వచ్చి ఉంటే ఒంటిపూట ఆసుపత్రి మిగిలేది. బిడ్డలు ఒంటిపూట చూసుకుని పుట్టరు కదా అని నేనంటే అందరూ నవ్వి, అయితే నువ్వే నిలబడమన్నారు. దువ్వెన గుర్తు మీద నిలబడ్డాను. ఇప్పుడేమో ఓట్లు చీల్చి గంటను గెలిపించింది నర్సమ్మే అంటున్నారు గొడుగువాళ్ళు. అదీ అబద్ధం కాదు. పక్క వీధులవాళ్ళు నన్ను నమ్మి వేసిన ఓట్లే ఆసుపత్రి తలుపు మూశాయి. నిన్న మంచాలు బయటికి మోయిస్తుంటే, నెలలు నిండిన దర్జీ కూతురు గుమ్మంలో నిలబడి, "మరి నేనెక్కడికి పోవాలత్తా?" అంది.

మళ్ళీ నిలబడతావా అని కూడా అడిగావు. నిలబడను. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అని ఇన్నేళ్ళూ నవ్వుకున్నాం. మూడో రాయిగా నేను వెళ్ళి పడ్డాను, అంతే. వచ్చేసారీ ఆ రెండే ఉంటాయి, ఆ తర్వాతా అవే. నాకిక ఆశ లేదు తల్లీ.

నాన్న ఫోను చేస్తే తీయనని రాశావు. మన వీధి పెట్టెలో నాకు పడింది ఒక్క ఓటేననీ, అది అమ్మ తనకు తాను వేసుకున్నదేననీ, కట్టుకున్నవాడికి పెళ్ళాంకన్నా పార్టీయే ఎక్కువైందనీ నీ కోపం. వీధంతా అదే అంటోంది. పైగా ప్రతివాళ్ళూ నీకే వేశామని నాతో ఒట్లు పెడుతున్నారు. నువ్వు పుట్టకముందు నుంచీ గొడుగు పార్టీ సభలకు వేదికలు కట్టిన వడ్రంగి మీ నాన్న. బట్టతలవాడి ఇంట్లో దువ్వెన గుర్తేమిటని పార్టీవాళ్ళు ఎగతాళి చేస్తే, నామీద అలిగి వసారాలో పడుకున్నారు. కనుక నువ్వు అనుకున్నదాంట్లో వింతేమీ లేదు.

ఇంతసేపూ డొంకతిరుగుడుగా రాస్తున్నాను. ఆ ఒక్క ఓటు నాది కాదు.

అట్టముక్క చాటున నిలబడ్డాక గంటవాళ్ళు గెలుస్తారేమోనని భయపడ్డాను. గుడ్డికన్నా మెల్ల నయం, ఒంటిపూటైనా మిగులుతుంది అనుకుని గొడుగు మీద ముద్ర వేశాను. భయపడి ఓటెయ్యకండని ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఆ ఓటు ఎవరిదో మొన్నటిదాకా నాకూ తెలియదు. నా మూలంగా గొడుగువాళ్ళు నాన్నను వేదికలకు పిలవడం మానేశారు. పనిలేక మన పాత బల్లకే చిత్రిక పడుతున్నారు. దర్జీ వచ్చి, పెళ్ళానికి ఓటెయ్యని మొగుణ్ణి నిన్నే చూశాను బావా అని వేళాకోళమాడాడు. నాన్న చిత్రిక పడుతూనే ఉన్నారు. అతను వెళ్ళాక, తలెత్తకుండానే నాతో అన్నారు.

"దువ్వెన గుర్తు మరీ అడుగున వేశారు. నీకు కనపడి ఉండదులే."

నాకు నేను వేసుకోలేదని ఫలితాలు వచ్చిన రోజునుంచీ ఆయనకు తెలుసన్నమాట. తెలిసే వీధివాళ్ళ మాటలన్నీ పడుతున్నారు. కళ్ళజోడు లేకుండా నేను సూదిలో దారం ఎక్కించడం ఆయన రోజూ చూసేదే.

అవును, కనపడలేదు అన్నాను.

ఉత్తరం అందగానే నాన్నకు ఫోను చెయ్యి. ఓటు మాట మాత్రం ఎత్తకు.

ఇట్లు,
మీ అమ్మ