రెండో గుడ్డు

నుమజు,
నవంబరు 4

యాత్రల కార్యాలయం మేనేజరు గారికి, ఉకాయ్ సెయికిచి నమస్కరించి రాయునది.

ఆకులు ఎర్రబడ్డాయి. రుతువు ఊసెత్తకుండా ఉత్తరం మొదలుపెట్టడం మర్యాద కాదు కాబట్టి రాశాను. ఆకులు చూసే ఓపిక నాకు లేదు.

మొన్న ఆదివారం మీ బస్సులో వేడినీటి బుగ్గల లోయకి వెళ్లాను. రెండు సీట్లూ మా ఆవిడ మిత్సుయో మే నెలలోనే తీసిపెట్టింది. ఆగస్టులో పోయింది. రద్దు చేయించడం ఎలాగో తెలియక ఒక్కణ్నే బయల్దేరాను. పక్క సీట్లో ఆవిడ గొడుగు పెట్టుకున్నాను.

లోయలో మీ గైడు హొత్తా అనే అమ్మాయి గంధకపు నీళ్లలో ఉడికి నల్లబడ్డ గుడ్లు పంచింది. ఒకటి తింటే ఏడేళ్ల ఆయుష్షు పెరుగుతుందని అందరికీ తెలిసిందే. నాకు రెండిచ్చింది.

"ఒకటి చాలమ్మా" అన్నాను.

"ఇది అమ్మగారిది, తాతగారూ. మీరే తినాలి" అని చేతిలో కుక్కి, వంగి నమస్కారం పెట్టి పారిపోయింది.

నలభై ఆరేళ్లు ఆవిడకి గుడ్డు వలిచి ఇచ్చింది నేనే. అలవాటు కొద్దీ వలిచి పక్కకి తిరిగాను. ఎవరూ లేరు. వలిచిన గుడ్డు ఏం చేసుకోను? తిన్నాను.

నాకు డెబ్బై రెండేళ్లు. ఆవిడ లేని ఇంట్లో ఒక్క పూటే గడవడం లేదు. పద్నాలుగేళ్లు నా మెడకెందుకు చుట్టారు? కనీసం ఆవిడ ఏడేళ్లయినా వదిలించుకునే దారి చెప్పండి.

మీ వల్ల దీర్ఘాయుష్మంతుడైన
ఉకాయ్ సెయికిచి

తా.క.: మూడు నెలలుగా మా కరెంటు కుక్కర్లో అన్నం పలుకుగానే దిగుతోంది. ఇందులో మీ తప్పు లేదు. చెప్పుకోవడానికి ఎవరూ లేక రాశాను.

* * *

నవంబరు 10

మహారాజశ్రీ ఉకాయ్ గారి సముఖానికి,

చల్లగాలులు మొదలైన ఈ వేళ తమ ఉత్తరం అందగానే సిబ్బంది అంతా లేచి నిలబడి మీ ఊరివైపు తిరిగి తలలు వంచాం. కారణం ఏదైనా తప్పు మాదే. అందుకే కారణం విచారించలేదు. హొత్తాను బస్సు దింపి ఉత్తరాల బల్ల దగ్గర కూర్చోబెట్టాం.

గుడ్ల విషయంలో తమకు కలిగిన అసంతృప్తికి పరిహారంగా ఐదు నల్ల గుడ్లు ఈ ఉత్తరంతో పంపుతున్నాం. వెరసి ముప్పై ఐదేళ్లు. దయతో స్వీకరించండి.

సిగ్గుతో తల ఎత్తలేని
మేనేజరు కుసునోకి

తా.క.: అన్నం పలుకుగా దిగుతున్నందుకు కూడా క్షమించండి.

* * *

నవంబరు 18

మేనేజరు గారికి,

రుతువు సంగతి వదిలేయండి.

మీ ఐదు గుడ్లూ పొరుగింటి సొమెయా గారికిచ్చి చేతులు దులుపుకున్నాను. పుచ్చుకున్నదానికి బదులివ్వకపోతే ఆవిడకి నిద్ర పట్టదు కదా! మర్నాడే మూట పట్టుకొచ్చింది. "మా మహిళా మండలి వాళ్లం మీరు వెళ్లిన లోయకే వెళ్లొచ్చాం. ఒంటరివారు, తినండి తినండి" అంటూ ఎదురుగా కూర్చుంది. మూటలో ఆరు నల్ల గుడ్లు. ఆరూ తినేదాకా కదల్లేదు.

ఇప్పుడు నేను నూట ఇరవై ఎనిమిదో ఏట గానీ పోను. అప్పటికి మిత్సుయో నన్ను గుర్తుపడుతుందా? నాకు భయంగా ఉంది, మేనేజరు గారూ. నవ్వులాటకి అనడం లేదు. పొద్దున్న లేవగానే ఇంకా ఇక్కడే ఉన్నానని తెలిసి ఏడుపొస్తోంది.

ఇంకేమీ పంపకండి. క్షమాపణ కూడా వద్దు. ఆ అమ్మాయిని మళ్లీ బస్సెక్కించండి. వద్దన్నా ఎందుకిచ్చిందో మాత్రం ఒక్కసారి అడిగి చెప్పండి.

చావు దారి మూసుకుపోయిన
సెయికిచి

తా.క.: ఈ రోజు అన్నం మరీ పలుకు. పళ్లు కూడా నూట ఇరవై ఎనిమిదేళ్లు ఉండాలి కదా!

* * *

నవంబరు 24

తాతగారికి,

నేను హొత్తాను. ఉత్తరాల బల్ల నాదే కాబట్టి మీ ఉత్తరం నాకే వచ్చింది.

పొరపాటున ఇవ్వలేదండీ. మే నెలలో అమ్మగారు నింపిన దరఖాస్తులో "ప్రత్యేక కోరికలు" అన్నచోట మామూలుగా అందరూ కిటికీ పక్క సీటు అని రాస్తారు. ఆవిడ రాసింది ఉన్నదున్నట్టు ఎక్కిస్తున్నాను:

"నేను రాలేకపోవచ్చు. డాక్టరు చెప్పింది ఆయనకి ఇంకా చెప్పలేదు. నా గుడ్డు కూడా ఆయనకే ఇవ్వండి. అడిగితే వద్దంటారు, చేతిలో పెట్టి వెళ్లిపోండి. వలిచాక పారేసే మనిషి కాదు. నా వెనకాలే పరుగెత్తుకు రావద్దనండి. నలభై ఆరేళ్లు వండిపెట్టాను, ఓ ఏడేళ్లు నన్ను విశ్రాంతి తీసుకోనివ్వమనండి."

ఆ మాట మీతో అప్పుడే చెప్పాల్సింది. గొడుక్కి ఎండ తగలకుండా మీరు కిటికీ తెర లాగడం చూశాను. అందుకే పారిపోయాను.

ఈసారి గుడ్లు పంపడం లేదు.

మీ
హొత్తా

తా.క.: కోరికల గడి చాలక అమ్మగారు కాగితం వెనక ఇంకో మాట రాశారు. "బియ్యంలో నీళ్లు పోశాక అరగంట ఆగి మీట నొక్కాలని చెప్పండి. ఆయన ఆగరు."