బంగాళాదుంపల సెలవులో తాళం

జట్లాండ్, అక్టోబరు, గురువారం

విద్యాధికారి గారికి,

మూడో తరగతి పిల్లలతో నేను వేయించిన బడితోటలో బంగాళాదుంపలు తవ్వకానికొచ్చాయి. సోమవారానికి పంట చూపకపోతే అక్కడ సైకిల్ స్టాండు కడతామని రాసింది మీరే. తీరా వెళ్తే గేటుకు తాళం! కాపలాదారు ప్రెబెన్ గారిని తాళంచెవి అడిగాను.

"బంగాళాదుంపల సెలవు కదయ్యా! సెలవుల్లో దుంపలెవరు తవ్వుతారు?" అన్నారాయన.

"తాతల కాలంలో పిల్లలు దుంపలు తవ్వడానికే కదండీ ఈ సెలవిచ్చింది!"

"అప్పుడు దుంపలు పొలంలో ఉండేవి నాయనా, బళ్ళో కాదు."

తాళంచెవి మాత్రం ఆయన ఇవ్వలేదు. మీ ఆఫీసుకు పరుగెత్తాను. తలుపు మీద కాగితం: "బంగాళాదుంపల సెలవు. సోమవారం రండి."

అందుకే ఈ ఉత్తరాన్ని మీ తలుపు కిందనుంచి తోస్తున్నాను. మీరిది చదివేసరికి మేం కంచె దూకి దుంపలన్నీ తవ్వేసి ఉంటాం. అది నేరమంటారా, నేరస్థులు పద్నాలుగుమందీ మూడో తరగతి గదిలోనే ఉంటారు. పదిహేనోవాణ్ణి నేను, గుమ్మంలోనే నిలబడతాను. పట్టుకోవడానికి వచ్చేట్టయితే మధ్యాహ్నం రండి, అప్పటికి దుంపలు ఉడుకుతాయి. వెన్న మాత్రం మీరే తెచ్చుకోవాలి.

ఇట్లు,
క్షమాపణ చెప్పని
బడితోట కార్యకర్త