బడి ఆవరణలో ముగ్గుగీత

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. నీకు చెప్పాల్సిన ముచ్చట ఒకటుంది.

నువ్వు ఊరి పోరగాళ్ళకు చెడుగుడు నేర్పిన బడి ఆవరణకు పెద్దసారు తాళం వేయించాడు. సాయంత్రం ఆటతో లేచే దుమ్మంతా గదుల్లో చేరుతోందట. నిన్న ఊరంతా వెళ్ళి అడిగింది. మా ఆయన ఎంత బతిమాలినా సారు వినలేదు.

ఆడవాళ్ళ వెనక నిలబడ్డ నాకు ధైర్యం ఎట్లా వచ్చిందో, "సాన్పి చల్లితే దుమ్ము లేవదు సారూ. రోజూ మేమే చల్లుతం" అన్నాను.

"గీ పిల్లకు మాటలొస్తయా!" అంది మా అత్తమ్మ.

"ఎన్నొస్తయో నన్నడుగు అవ్వా," అన్నాడు మా ఆయన. అందరూ నవ్వారు. సారు కూడా నవ్వి తాళం తీయించాడు.

ఇవాళ అందరం బిందెలతో పేడనీళ్ళు తెచ్చి ఆవరణంతా చల్లాం. సాన్పి చల్లాక ముగ్గు వేయకపోతే చేతులు ఊరుకోవు కదా. నువ్వు మడమతో గీసే నడిమి గీతను నేనే ముగ్గుతో వేశాను. తీరా చూస్తే, కూతకు వచ్చిన ప్రతివాడూ ముగ్గు తొక్కకూడదని దాని మీది నుంచి ఎగిరి దూకుతున్నాడు! ఆట సాగితేనా?

గోడ పక్క నుంచి నేనే గట్టిగా అరిచాను, నీలాగా.

"తొక్కుండ్రిరా! రేపు మల్ల ఏస్త!"

నీ చెల్లె